అలారం మోగని మధ్యాహ్నం

ఆ ఉద్యోగంలోకి నన్ను తీసుకోవాలో వద్దో తేల్చింది అక్కడ పనిచేసే ఆడవాళ్లు.

ఎల్లారెడ్డి దాటి కామారెడ్డి వైపు వెళ్లే రోడ్డు పక్కన, వరి మడుల మధ్య రేకుల షెడ్లతో ఉండే హ్యాచరీ అది. కోడిగుడ్లను పెద్ద పెద్ద యంత్రాల్లో పొదిగించి, పుట్టిన పిల్లలను చుట్టుపక్కల కోళ్ల ఫారాల రైతులకు బండ్లలో పంపుతారు. అప్పటికి నేను డిగ్రీ చదివి, కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో కొన్నాళ్లు పనిచేసి, పెళ్లయ్యాక ఎల్లారెడ్డి పక్కన మా అత్తగారి ఊరికి వచ్చాను. పొలం పనులు తప్ప వేరే దారి కనిపించని రోజులు. సూపర్వైజరు కావాలంటున్నారని తెలిసి సర్టిఫికెట్ల కవరు పట్టుకుని వెళ్లాను. మేనేజరు పెద్దాయన. అందరూ పెద్దసారు అనేవారు. ఆయన ఆ కవరు తెరవనే లేదు.

"ఇవి సంచిల పెట్టుకో బిడ్డ. గా టోపీ పెట్టుకో, బూట్లు తొడుక్కో. అన్నం యాళ్ల దాక మావోళ్లతోని పిల్లల గదిల పని చెయ్యి. అటెన్క మాట్లాడుదం" అన్నాడు.

గది తలుపు తీయగానే వెచ్చని గాలి ముఖానికి కొట్టింది. వేల పిల్లల అరుపు ఒక్కటే మోతలా ఉంది. ఆడవాళ్లు ట్రేలు లాగుతున్నారు, పిల్లలను రెండు చేతుల మధ్యకు తీసుకుని బుట్టల్లో వేస్తున్నారు. నేను ఏది ముట్టుకున్నా తప్పేమోనని భయం. అందుకే అడుగుతూ పోయాను. ఈ తలుపు ఎందుకు వెంటనే వేయాలి, ఈ పిల్ల ఎందుకు నిలబడటం లేదు, నేల మీద ఈ నీళ్లు ఎక్కడివి. ఇన్ని అడిగితే తెలివితక్కువదాన్ని అనుకుంటారని ఒక పక్క సిగ్గుగా కూడా ఉంది.

అన్నం వేళకు నన్ను బయట కూర్చోబెట్టి పెద్దసారు లోపలికి వెళ్లాడు. లోపల నవ్వులు వినిపించాయి. నా గురించేనని చెవులు వేడెక్కాయి. కాసేపటికి ఆయన వచ్చి, "రేపటి సంది రా" అన్నాడు.

"ఏం చెప్పిండ్రు సార్ వాళ్లు?" అని అడిగాను.

"తెలవనిది అడుగుతదని చెప్పిండ్రు. తెలవకున్నా తెలిసినట్టు చేసేటోళ్లతోనే మాకు భయం."

ఆయన ఉన్నన్నాళ్లూ మనుషుల్ని అట్లాగే తీసుకున్నాడు. నాకంటే మంచి మార్కులున్నవాళ్లను కూడా ఆడవాళ్లు వద్దంటే పంపేశాడు. బయటివాళ్లకు అది చోద్యంగా ఉండేది. మాకు మాత్రం కొత్తగా వచ్చిన మనిషి పని చెడగొడితే ఆ తలనొప్పి కూడా మాదే అన్నట్టు ఉండేది. మేమే ఎంచుకున్నాం కదా, మేమే నేర్పుకునేవాళ్లం.

షెడ్డు వరండాలో, గోడకు పైన ఒక అలారం ఉండేది. యంత్రాల్లో వేడి ఎక్కువైనా, తగ్గినా, కరెంటు పోయినా మోగుతుంది. దాని చప్పుడు రోడ్డు దాకా వినిపించేది. మోగిందంటే ఎవరి చేతిలో ఏ పని ఉన్నా వదిలి పరుగెత్తడమే. పెద్దసారు కూడా చెప్పులు సగం తొడుక్కుని పరుగెత్తుకొచ్చేవాడు. వచ్చి మొదట అడిగే మాట, "ఏమైంది?" ఎవరి వల్ల అన్న మాట ఆయన నోట నేను వినలేదు. ఒకసారి ప్యానెల్లో బల్లి దూరి అలారం మోగితే, అందరం చెమటలు కక్కుతూ నిలబడి ఉండగా, "బల్లి మనందరి ఉరుకుడు చూసి పోయింది" అని నవ్వి, రోడ్డు మీది బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

జనరేటర్ చూసుకునే ఆయన్ని మేం జనరేటరన్న అనేవాళ్లం. నిజాంసాగర్ వైపు ఊరాయన. మాటలు తక్కువ. పొద్దున వచ్చీ రాగానే జనరేటర్ చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, నీళ్లూ నూనే చూసి, ఒకసారి నడిపి ఆపితే గాని టీ తాగేవాడు కాదు.

పెద్దసారు గుండె ఆపరేషన్ చేయించుకుని పని మానేశాడు. ఆయన స్థానంలో కొత్త మేనేజరు వచ్చాడు.

ఆయన చెడ్డవాడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. పెద్ద కంపెనీల్లో చేసి వచ్చినవాడు. మా అందరికంటే ముందు వచ్చేవాడు, చివర వెళ్లేవాడు. చొక్కా నలగకుండా ఉండేది. వచ్చిన వారానికే హాల్లో గోడకు ఒక తెల్ల బోర్డు పెట్టించాడు. మమ్మల్ని రెండు షిఫ్టులుగా విడదీసి, బోర్డు మీద రెండు వైపులా రాయించాడు. పగిలిన గుడ్డుకు ఒక మైనస్, ఆలస్యంగా వస్తే ఒక మైనస్, అలారం మోగితే రెండు మైనస్‌లు. నెలాఖరుకు మైనస్‌లు తక్కువ ఉన్న షిఫ్టుకు కుక్కర్లో, చీరలో ఇచ్చేవాడు. ఓడిపోయిన షిఫ్టు వాళ్లు అందరి ముందు నిలబడి ఎందుకు ఓడిపోయారో చెప్పాలి.

మొదటి నెలల్లో పని బాగా పెరిగింది. అది ఒప్పుకోవాలి. గదులు మెరిసిపోయాయి. కామారెడ్డి నుంచి ఓనరు వచ్చి, చూసి, మేనేజరు భుజం తట్టి వెళ్లాడు.

ఒక ఆదివారం అందరినీ నిజాంసాగర్ డ్యాం దగ్గరికి పిక్నిక్ తీసుకెళ్లారు. ఒక షిఫ్టుకు నీలం టీషర్టులు, ఇంకో షిఫ్టుకు ఎర్రవి. చీరల మీదే తొడుక్కున్నాం. ఇదివరకు ఒకరి గిన్నెలోది ఒకరు లాక్కుని తిన్నవాళ్లం, ఆ రోజు కట్ట మీద రంగుల వారీగా కూర్చుని తిన్నాం. అటువైపు చేపల పులుసు వాసన వస్తున్నా ఎవరూ వెళ్లి అడగలేదు. ఫొటోలు మాత్రం చాలా తీశారు. అందులో అందరం నవ్వుతూనే ఉన్నాం.

మనుషుల్ని తీసుకోవడం కూడా కామారెడ్డి ఆఫీసుకు మారింది. పిట్లం నుంచి ఎల్లారెడ్డికి కోడలుగా వచ్చిన ఒకామె అట్లా చేరింది. నాకంటే కాస్త పెద్దది. మేం పిట్లమక్క అని పిలిచేవాళ్లం. భర్త దుబాయిలో ఉండి కూడా ఇంటికి సరిగ్గా ఏమీ పంపని పరిస్థితి ఆమెది. ఇంటర్వ్యూలో ఏం అడిగారని నేను ఆమెను అడిగాను.

"పైవోళ్లు చెప్పింది తప్పనిపిస్తే ఏం చేస్తవని అడిగిండ్రు."

"నువ్వేమన్నవ్?"

"చెప్పింది చేస్త సార్ అన్న. ఇంకేం అంటరు? నాకు పని గావాలె గద."

ఆ మాట విన్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నేనైనా ఆ కుర్చీ ముందు అదే చెప్పేదాన్నేమో.

కొన్ని నెలలకు నాకు ఒక సంగతి తేడాగా అనిపించసాగింది. అలారం మోగడం తగ్గింది. తగ్గీ తగ్గీ, ఒక నెల అసలు మోగనే లేదు. బోర్డు మీద రెండు వైపులా ఆ గడిలో సున్నాలు పెట్టారు. ఓనరు స్వీట్లు పంపించాడు. యాసంగి పంటకు బోర్లన్నీ నడిచే రోజుల్లో కరెంటు ఎట్లా ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. మా ఇంట్లో ఫ్యానే పూటకు రెండుసార్లు ఆగుతుంటే, హ్యాచరీలో అలారం మోగకపోవడం ఏమిటి? ఆ స్వీటు పక్కన పెట్టేశాను.

వెళ్లి ప్యానెల్ చూశాను. అలారం స్విచ్ కిందికి నొక్కి ఉంది. పైకి లేపి, మా షిఫ్టు వాళ్లను అడిగాను. అందరూ ట్రేల వైపు చూశారు. నేను తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్లాను.

"సార్, అలారం బంద్ చేసి పెడుతున్నరు. ఏమన్న అయితే మనకు తెలవది."

ఆయన కంప్యూటర్ మీద నుంచి కళ్లు తిప్పలేదు. "రూములు చెక్ చేయడానికి మనుషులున్నారు కదమ్మా. పని సాఫీగా నడుస్తుంటే నీకేమిటి ఇబ్బంది?"

"మైనస్‌లు పెట్టుడు తీసేయుండ్రి సార్. కనీసం అలారం మోగినదానికన్న తీసేయుండ్రి."

"రూల్ ఒకరి కోసం మారదు."

మర్నాడు కరెంటు పోయి మా షిఫ్టులో అలారం మోగింది. జనరేటర్ అందుకుంది, ఏమీ కాలేదు. కానీ బోర్డు మీద మాకు రెండు మైనస్‌లు పడ్డాయి. ఆ నెల మేమే ఓడిపోయాం. మా షిఫ్టులో అందరికంటే పాత మనిషి, నన్ను ఎంచుకున్నవాళ్లలో ఒకామె, అందరి ముందు నిలబడి తల దించుకుని కారణం చెప్పాల్సి వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ విప్పితే నా పక్కన ఎవరూ కూర్చోలేదు. పిట్లమక్క ఒక్కతే ఇటు రాబోయి, అటు చూసి, మళ్లీ వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

రోజూ స్విచ్ పైకి లేపేదాన్ని. మళ్లీ ఎవరో కిందికి నొక్కేవారు. రాత్రుళ్లు నిద్రలో కూడా ఆ స్విచ్ మీదకే పోయేది మనసు. ఆ మధ్యలోనే జనరేటరన్నను కామారెడ్డి దాణా గోడౌన్‌కు పంపేశారు. జనరేటర్ దానంతటదే నడుస్తుంది కాబట్టి ఒక మనిషి అక్కర్లేదన్నారు.

అట్లాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఎండ చాలా తీవ్రంగా ఉంది. షేర్ ఆటో దిగి గేటు దాకా నడిచేసరికే కళ్లు తిరిగాయి. షిఫ్టు మారే వేళ, స్విచ్ చూసే వీలు కూడా దొరకలేదు. మేనేజరు రెండు షిఫ్టుల వాళ్లనూ హాల్లో కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాడు. టీం వర్క్ గురించి. ఫోన్లు అందరివీ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాడు. పిల్లల గదుల్లో ఒక్కరూ లేరు.

హాల్‌కు ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియలేదు. పిట్లమక్క నా పక్కన కూర్చుని ఉంది. ఆమె కాసేపటి నుంచి కిటికీ వైపే చూస్తోంది. కొంగు కొసను వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి చేస్తోంది. ఎప్పుడూ నన్ను మేడం అనే మనిషి, వంగి నా చెవిలో, "చెల్లె, జనరేటర్ సప్పుడు వస్తుండె. ఇప్పుడు వస్తలేదు" అంది.

చెవులు రిక్కించాను. ఫ్యాన్ల చప్పుడు, మేనేజరు గొంతు. వాటి వెనక జనరేటర్ లేదు, యంత్రాల మోతా లేదు. నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో. అయిపోయినాక వెళ్లొచ్చు" అన్నాడు మేనేజరు.

"సార్, జనరేటర్ ఆగింది."

"ఆగితే అలారం మోగుతుంది కదా. కూర్చో."

ఆ గదిలో ఉన్న ప్రతి మనిషికీ అలారం ఎందుకు మోగడం లేదో తెలుసు. ఒక్కరూ కదలలేదు. నేను వాళ్ల మధ్య నుంచి, కాళ్లు తొక్కుకుంటూ గుమ్మం వైపు నడిచాను. ఎవరో నా చీర పట్టుకుని లాగారు కూడా, నా మంచి కోసమే. వెనక ఒక్క జత అడుగులే వినిపించాయి. పిట్లమక్కవి.

పిల్లల గది తలుపు తీస్తే ఆవిరి. లోపల చీకటి. అరుపు మామూలుగా లేదు, గొంతు పట్టుకున్నట్టు సన్నగా వస్తోంది. ఒక యంత్రం తలుపు లాగాను. ట్రేలలో పిల్లలు మెడలు చాచి, నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి. కింది వరసలో కొన్ని అప్పటికే మెత్తగా పడి ఉన్నాయి. పిట్లమక్క, "అయ్యో దేవుడా, అయ్యో" అంటూనే చేతికందిన ట్రేలు లాగి వరండాలోకి మోయడం మొదలుపెట్టింది. నేను హాలు గుమ్మం దగ్గరి బల్ల మీద నుంచి నా ఫోన్ తీసుకుని జనరేటరన్నకు కలిపాను.

"అన్నా, కరెంటు లేదు, జనరేటర్ లేదు. పిల్లలు సస్తున్నయ్."

"తలుపులన్ని బార్లా తెరువుండ్రి. పిల్లలను నీడకు తెయ్యుండ్రి. గుడ్ల గదిల గూడ తలుపులు తీసి, కింద నీళ్లు గుమ్మరియ్యుండ్రి. ఎల్లారెడ్డిల టెంట్‌హౌసాయన నాకు ఎరుకే, ఆయన జనరేటర్ పంపిస్త. నేను గూడ బయలెల్లుతున్న."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే హాలు గుమ్మంలో మా షిఫ్టు పెద్దామె, ఆ నెల అందరి ముందు తల దించుకున్న పాత మనిషే, నిలబడి ఉంది. ఆమె లోపలికి తిరిగి ఒకే మాట అరిచింది. "లేవుండ్రే!"

అప్పుడు లేచారు. నీలం, ఎరుపు అని ఏమీ లేదు. వరస కట్టి ట్రేలు చేతులు మార్చుకుంటూ వరండాలోకి చేర్చారు. కొందరు బాల్చీలతో ట్యాంకు నీళ్లు తెచ్చి గుడ్ల గదిలో చల్లారు. కొందరు అట్టముక్కలతో పిల్లలకు విసిరారు. మేనేజరు వచ్చి గుమ్మం దగ్గర కాసేపు కొయ్యబారి నిలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పి వరసలోకి వచ్చాడు. నా పక్కనే నిలబడి ట్రేలు అందుకున్నాడు.

ట్రాక్టర్ ట్రాలీ మీద టెంట్‌హౌస్ జనరేటర్ వచ్చేదాకా గడిచిన సమయం ఎంతో నాకు తెలియదు. రోడ్డు మీద ప్రతి బండి చప్పుడుకూ అందరం తలెత్తి చూశాం. తీగలు కలపడానికి వచ్చిన మనిషికి మా ప్యానెల్ అర్థం కాక, జనరేటరన్న ఫోన్‌లోనే చెప్పి కలిపించాడు. ఫ్యాన్లు మొదట మూలిగి, తర్వాత తిరిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివరి గదికి మేం చేరేసరికే ఆలస్యమైపోయింది. అందులో పిల్లలు మొత్తం పోయాయి. మిగతా గదుల్లో ఎక్కువ భాగం దక్కాయి. సాయంత్రం ఆ చివరి గదిని పిట్లమక్క ఎవరినీ రానివ్వకుండా ఒక్కతే కడిగింది.

తర్వాత తేలిందేమిటంటే, జనరేటర్‌లో నీళ్లు పోయే గొట్టం పగిలి, అది వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. జనరేటరన్న వెళ్లినప్పటి నుంచి దాన్ని చూసిన మనిషి లేడు.

రెండు రోజుల తర్వాత మమ్మల్ని కామారెడ్డి ఆఫీసుకు పిలిచారు. స్టేషన్ రోడ్డులో మేడ మీద గది. ఓనరు బల్ల వెనక, మేనేజరు పక్క కుర్చీలో. మేమంతా గోడ పొడుగునా నిలబడ్డాం. జనరేటరన్న తలుపు దగ్గర ఉన్నాడు.

"బెల్లు ఎవరు బంద్ చేసిండ్రు?" అన్నాడు ఓనరు.

ఆయన మళ్లీ అడిగాడు. కింద రోడ్డు మీద బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"చెప్పకుంటే అందరిని తీసేస్త. నాకు మనుషులు దొరకరనుకుంటున్నరా?"

పక్కనున్న వాళ్ల భుజాలు నాకు తగులుతున్నాయి. అందరివీ బిగుసుకుపోయి ఉన్నాయి. నేను నోరు తెరిచి, "సార్, అడగవలసింది..." అని మొదలుపెట్టేలోపు పిట్లమక్క ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ దినం బంద్ చేసింది నేనే సార్."

ఓనరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కళ్లు దించుకున్నాడు.

"ఎందుకు చేసినవ్?"

"నేను చేరినప్పుడు పని నేర్పిండ్రు సార్. ట్రే ఎట్ల లాగాల్నో, పిల్లను ఎట్ల పట్టాల్నో నేర్పిండ్రు. ఆ స్విచ్ ఎప్పుడు కిందికి ఒత్తాల్నో గూడ గట్లనే నేర్పిండ్రు. అది గూడ పనే అనుకున్న."

"ఎవరు నేర్పిండ్రు?"

"నాకు నేర్పినోళ్లకు ఇంకెవరో నేర్పిండ్రు. నేను ఎవరి పేరు చెప్పాలె సార్?"

గోడ వెంట ఎవరో వెక్కి ఏడ్చారు. జనరేటరన్న తలుపు దగ్గర నుంచి, "మోగితే మైనస్ పెడితిరి. ఎవరు మోగనిస్తరు సార్?" అన్నాడు. ఓనరు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. తప్పు ఒప్పుకుంది కాబట్టి పిట్లమక్క రేపటి నుంచి రావద్దని, మిగతావాళ్లు పనికి వెళ్లమని చెప్పాడు. అంతే, అయిపోయిందన్నట్టు ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

నేను ఏదో పెద్దగా ఆలోచించి చేశానని చెప్పను. "నేను గూడ రాను సార్. ఈ సంగతి నేను ముందే సార్‌కు చెప్పిన. అడగుండ్రి" అన్నాను. ఓనరు మేనేజరును అడగలేదు. "నీ ఇష్టం" అన్నాడు.

కామారెడ్డి బస్టాండులో ఇద్దరం ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చున్నాం. పిట్లమక్క టీ గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు. "నువ్వెందుకు అన్నవ్ గట్ల? నాకైతె తప్పలే. నీకేమైంది?" అని నన్నే కోప్పడింది. ఇంట్లో ఎట్లా చెప్పాలా అన్న దిగులు అప్పటికే మొదలైంది. ఆ రాత్రి మా ఆయన విని, చెయ్యి కడుక్కుని, "మంచిగనే చేసినవ్ గని, ఇప్పుడెట్ల?" అన్నాడు. మర్నాటి నుంచి నేనూ ఆయనతో పొలానికి వెళ్లాను.

హ్యాచరీ కబుర్లు మా ఊరి మీదుగా వెళ్లే ఆడవాళ్లు చెప్పేవారు. ఆ రోజు వేడి తగిలి బతికిన పిల్లలను ఏమీ చెప్పకుండా ఫారాలకు పంపారట. అవి రైతుల షెడ్లలో వరసగా చనిపోయాయట. ఒక రైతు చనిపోయిన పిల్లలను సంచిలో తెచ్చి గేటు ముందు పోశాడట. ముందే చెబితే ఓర్చుకునేవాళ్లమని, దాచినందుకే నమ్మకం పోయిందని రైతులు వేరే హ్యాచరీల వైపు మళ్లారు. మా షిఫ్టు పెద్దామె మానేసింది. ఆమె వెంట ఇంకొందరు. కొత్తగా వచ్చినవాళ్లు నెల నిలవడం లేదు. మేనేజరు తనే రాజీనామా చేసి వెళ్లిపోయాడు.

నాట్లు అయిపోయి కలుపు తీస్తున్న రోజుల్లో ఓనరు మా పొలానికి వచ్చాడు. నేను మోకాళ్ల దాకా బురదలో ఉన్నాను. గట్టు మీద నిలబడి, "నువ్వు రావాలె అమ్మ. మేనేజరుగ రా" అన్నాడు.

బయటికి వచ్చి కాలువలో కాళ్లు కడుక్కున్నాను. కడుక్కుంటున్నంతసేపూ ఏం చెప్పాలో కూడదీసుకున్నాను. బోర్డు తీసేయాలి. జనరేటరన్న వెనక్కి రావాలి. పని మనుషుల్ని పనిచేసేవాళ్లే చూసి తీసుకోవాలి. పిల్లల్లో తేడా ఉంటే రైతుకు ముందే ఫోన్ చేసి చెప్పాలి. పిట్లమక్కను పిలవాలి.

గట్టెక్కి అన్నీ చెప్పాను. చివరి మాటకు ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు షరతులు పెడుతున్నవా?"

"భయపడుకుంట పని చేసుడు నాతోని కాదు సార్. మళ్ల గట్లనే అయితది."

ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. గట్టు మీద ఉన్న ఎరువు సంచి మీద కూర్చున్నాడు. "ఆమె నిజం చెప్పింది. నేనే ఆమెను ఎల్లగొట్టిన" అని, లేచి నిలబడి, "పిలువు" అన్నాడు.

ఎల్లారెడ్డిలో పిట్లమక్క ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లాను. సంతోషంగా చెప్పాను. ఆమె అంతా విని, మంచినీళ్లు ఇచ్చి, రానంది. ఒక హాస్టల్‌లో వంటపని దొరికిందట.

"సారు మారిండంటున్నవ్. మారిండేమో. కని ఆ గదిల అందరి ముంగట ఒక్కదాన్ని నిలబడుడు ఎట్లుంటదో నాకే ఎరుక. మళ్ల అటు దిక్కు పోబుద్ధి అయితలేదు చెల్లె."

ఎంత బతిమాలినా వినలేదు. నా దగ్గర బాగుచేసే మందు ఉందనుకుని వెళ్లాను. ఆమెకు జరిగింది ఆమెకు జరిగిపోయింది. లేవబోతుంటే, "మా ఆడబిడ్డ ఉన్నది. దానికి పని గావాలె. మీవోళ్లకు నచ్చితే తీసుకోండ్రి" అంది.

ఆడబిడ్డ వచ్చింది, సగం రోజు పని చేసింది, ఆడవాళ్లు సరేనన్నారు. రైతులు వెంటనే తిరిగి రాలేదు. ఒక్కొక్కరి ఫారానికి వెళ్లి కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. కొందరు ఇప్పటికీ రాలేదు. వచ్చినవాళ్లతో హ్యాచరీ మెల్లగా నిలబడింది.

ఆ కొత్తమ్మాయి చేరిన వారంలోనే ఒక పొద్దున, రైతుల బండి గేటు దగ్గర ఆగి ఉంది, నేను హడావిడిలో ఉన్నాను. ఆమె అందరి ముందు నాతో, "మేడం, మీరు బుట్టలు పేర్పిచ్చుడు నాకు మంచిగ అనిపిస్తలేదు. కింది పిల్లలకు గాలి ఆడది" అంది.

అందరి చేతులూ ఆగిపోయాయి. నాకు చుర్రుమంది. వారం కాలేదు చేరి, నాకు చెబుతుందా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎంత తేలికగా వచ్చిందో చూసుకుని నేనే బెదిరిపోయాను. బండి ఆపించి, ఆమెతో కలిసి కింది బుట్టలు దించి, పక్కల ఉన్న రంధ్రాల దగ్గర చెయ్యి పెట్టించి చూపించాను. గాలి ఆడుతోంది. ఆమె అనుకున్నది తప్పు.

"చూసినం గద, మంచిదే అయింది" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. ఇక నోరు తెరవదేమోనని ఆ రోజంతా నాకు గుబులుగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం గుడ్ల గదిలో నుంచి ఆమె గొంతు వినిపించింది. ఏదో బాగాలేదని, వచ్చి చూడమని పిలుస్తోంది. చేతిలో ముద్ద ప్లేటులో వదిలి లేచాను.